సముద్రము దూరము – చెరువు చేరువ



వేసవి సెలవులు సమీపించగనే మన పట్టణమున చదువుకొన్న కుటుంబములలో ఒక కోరిక వినవచ్చుచుండును. పిల్లలకు సముద్రము చూపవలెను. వీలైనచో పడవ యెక్కించి చేపలు పట్టుట చూపవలెను. ఈ కోరికను మేము తప్పుపట్టము. అనంతపురమునకు బంగాళాఖాతపు తీరము రోడ్డు మార్గమున 300 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. కంటికి కానరాని దానిపై మక్కువ కలుగుట సహజము. అయితే సముద్రపు చేపను చూచుటకు ముందు మన పీఠభూమి బిడ్డలు మన చెరువు చేపను చూడవలెననియు, తల్లిదండ్రులతో కలిసి ఒక పూట కట్టపై కూర్చుండి గాలము వేయవలెననియు మా అభిప్రాయము. ఇది కేవలము కాలక్షేపమునకై చెప్పు మాట కాదు.

మన ప్రాంతమున ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనములకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము కోల్పోవును. పెన్నానది నంది కొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు సాగి, నెల్లూరు జిల్లాలోని ఊటుకూరు వద్ద సముద్రమున కలియును గాని, ఏడాదిలో పెక్కు దినములు మన కంటికి కనబడునది ఇసుకయే. అందువలననే మన పూర్వులు పడిన నీటిని పడినచోటనే నిలుపుటకు చెరువులు కట్టిరి. శింగనమల చెరువు, 2022లో జిల్లా విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన బుక్కపట్నము, ధర్మవరము చెరువులు అట్టివే. పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పింపవలసిన ఆరు దోషములను అది పేర్కొన్నది. చెరువు కట్టుట ఆనాటికే ఒక శాస్త్రము. నేడు అట్టి కట్టలమీదుగా బస్సులో పోవు మన పిల్లలలో తూము ఏదో, మరువ ఏదో చెప్పగలవారు ఎందరు?

వానలు కురిసిన పిమ్మట ఒక ఆదివారమున మేము మా యింటివారితోను, ఇద్దరు పిల్లలతోను సమీపమున నున్న ఒక చెరువునకు పోతిమి. వెదురు కర్ర, నైలాను దారము, కొక్కెము, బెండు ముక్క, ఒక డబ్బాలో వానపాములు – ఇంతియే సామగ్రి. రెండు గంటలలో దొరికినవి రెండు చిన్న జెల్లలు. పిల్లలకు అదే పండుగ. ఇంతలో పెద్దమ్మాయి, “అబ్బా, పోయిన ఏడు ఈ చెరువు ఎండిపోయింది కదా, అప్పుడు చేపలు ఎక్కడికి పోయినాయి?” అని అడిగెను. ప్రక్కన వల సరిచేయుచున్న వృద్ధ జాలరిని చూచి, “నీవే చెప్పవలె తాతా” అంటిమి. అతడు నవ్వి, “కొర్రమీను అంత సులభంగా చావదు పాపా. నీళ్ళు ఇంకితే బురదలోకి పోతాది, పైగాలి పీల్చుకుంటా పడుంటాది. తక్కినవన్నీ మేము కొనుక్కొచ్చి వదిలిన పిల్లలే” అనెను.

ఏ పాఠ్యపుస్తకము ఇంతకన్న సూటిగా చెప్పగలదు? కొర్రమీను నీటిలోని ప్రాణవాయువుపైననే ఆధారపడక వెలుపలి గాలిని పీల్చగలదు. తడి యున్నంతవరకు బురదలో బ్రతుకగలదు. బొచ్చె, శీలావతి వంటి చేపలు అట్లు కాదు. అవి నిలువ నీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వానకాలమున పారు నదులలోనే పెట్టును. 1957లో ఒరిస్సాలోని అంగుల్ వద్ద డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ ఆలికున్హి పిట్యూటరీ గ్రంథి రసమును చేపలకు ఎక్కించి గ్రుడ్లు పెట్టించిరి. దాని స్మృతిగానే జూలై 10వ తేదీని జాతీయ మత్స్య రైతుల దినముగా జరుపుచున్నారు. నేడు మన చెరువులలో వదలు చేపపిల్లలు ఆ పద్ధతి ఫలితమే. కనుక చెరువులో చేప యున్నదనగా ఎగువన వంక పారినది, కట్ట నిలిచినది, జాలరులు తమ సొమ్ము పెట్టినారని అర్థము. ఈ మూటిలో ఏది తప్పినను గాలమునకు చిక్కునది ఏమియు లేదు.

ఇచ్చట కొందరు ఆక్షేపింపవచ్చును. జాలరుల బ్రతుకుతెరువుతో మనము వినోదించుట తగునా అని. ఆక్షేపణ న్యాయమైనదే. అందుచేత మొదట చెరువు కౌలు గల సహకార సంఘము వారి అనుమతి పొందవలెను. చిన్న చేపలను తిరిగి నీటిలో విడువవలెను. ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుచున్న కొర్రమీనును ముట్టరాదు. దానిని పట్టినచో ఆ పిల్లలన్నియు ఇతర చేపల పాలగును. తెగిన దారమును అచ్చటనే పారవేయరాదు. వీరాపురమున ఎర్రకాళ్ళ కొంగలను గ్రామస్థులే బిడ్డలవలె కాపాడుచుండగా, అట్టి పక్షుల కాళ్ళకు మన దారము ఉరి కారాదు. అన్నిటికంటె ముఖ్యము, మన్ను త్రవ్వుకొనిపోయిన గోతులు నీటి క్రింద కనబడవు. తూము వద్ద నీటి లాగుడు బలముగా నుండును. పిల్లల చేయి పెద్దల చేతిలోనే యుండవలెను.

మరియొక మాట. ఇట్టి విహారములకు తండ్రులు, మగపిల్లలు మాత్రమే పోవుట మన యిండ్లలో పరిపాటి. అది తగదు. కరవు వచ్చిననాడు బిందెలతో బారులు తీరునది తల్లులు, ఆడపిల్లలు. నీటి పుట్టుక తెలియవలసినది ముందు వారికే.

హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలమునుండి కృష్ణా జలములు 2012లో జీడిపల్లి జలాశయమునకు చేరినవి. ఇక చెరువులతో పని యేమి అనువారు కలరు. కాలువ నీటికిని నిలువ చోటు కావలెను గదా! వంకలు పూడి, చెరువు గర్భమున ఇండ్ల స్థలములు వెలసినచో వచ్చిన నీరు ఎచ్చట నిలుచును? చెరువు ఎఱుగని బిడ్డ, పెరిగి గుమాస్తాయో ఇంజనీరో అయిననాడు, ఆ స్థలమును పటములోని ఖాళీ జాగాగానే చూచును.

కావున కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము. ప్రతి సంవత్సరము వానలు వెలిసిన పిమ్మట ఒక దినమును ఇందులకై కేటాయింపుడు. విద్యార్థులు తమ తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో, తల్లిదండ్రులతో రావలెను. ఉదయము వంక వెంబడి నడిచి నీరు ఎట్లు వచ్చునో చూడవలెను; మధ్యాహ్నము గాలములు వేయవలెను. వంక, తూము, మరువ, అలుగు వంటి మాటలను, జాలరులు చెప్పు చేపల పేర్లను తెలుగునను ఉర్దూలోను వ్రాసి ఈ పత్రికలోనే ప్రకటింపవలెను. దీనికి పెద్ద వ్యయము లేదు.

సముద్రమును తప్పక చూడుడు. కాని పెన్న ఎందుకు అంతదూరము నిండుగా చేరలేకపోవుచున్నదో తెలిసినవారై చూడుడు.