వెలుతురు ఎవరి లెక్కన?

నల్లోళ్లకి ఫొటో సరిగా పడదంటారు. మా ముప్పాళ్ళలో ఈ మాట వినకుండా పెరిగిన మాదిగ బిడ్డ లేడు. అయ్యా, పడనిది మా ముఖమా? మీరు కొలిచిన వెలుతురా?

మా తాతకి ఉన్నది ఒకే ఒక్క ఫొటో. 1990ల్లో ఎవరిదో పెళ్లిలో తీసింది. తెల్ల తలపాగా ఉంది, తెల్ల పంచె ఉంది, వెనకాల ఎండకి మెరిసే సున్నపు గోడ ఉంది. ముఖం ఉండాల్సిన చోట మసి ఉంది. బతుకంతా మిరప చేలో ఎండకి మాడిన మనిషికి ఫొటోలో రవ్వంత వెలుతురు దక్కలా. "మీ తాత కళ్లే నీకొచ్చినయిరా" అంటది మాయమ్మ. ఆ కళ్లు నేనెక్కడ చూడాలి?

దీన్ని మా కర్మ అనొద్దు. కెమెరా లెక్క చూడండి. ఎదురుగా ఉన్నదంతా కలిపి నడిమి బూడిదరంగు అనుకుంటది, అంటే మీద పడ్డ వెలుగులో సుమారు 18 శాతం తిప్పి పంపే రంగు. వెనక తెల్ల గోడుంటే వెలుగు ఎక్కువైందని కుదించుకుంటది. గోడ బాగా వస్తది, ముఖం మునిగిపోద్ది. నల్ల ముఖమే ఫ్రేము నిండా ఉంటే వెలుగు చాల్లేదని తెరుచుకుంటది, ముఖం పాలిపోద్ది. రెండుసార్లూ దిద్దాల్సింది తీసేవాడే.

ఫిలిం రోజుల్లో కొలతే తెల్లోళ్లది. 1950ల నుంచి కొడాక్ ల్యాబులకి పంపిన షర్లీ కార్డు మీద ఉన్నది తెల్లజాతి ఆడమనిషి. ఆమె ఒంటిరంగు కుదిరితే ప్రింటు కుదిరినట్టు. ముదురు గోధుమ రంగులు సరిగా రావట్లేదని కొడాక్‌ని కదిలించింది చాక్లెట్ల వాళ్లూ, చెక్కసామాన్ల వాళ్లూనట. లోర్నా రాత్ అనే పరిశోధకురాలు 2009లో రాసిన సంగతిది. బల్లకున్న విలువ మనిషికి లేదు!

నలుపు అన్ని కులాల్లోనూ ఉంది. వాళ్లదైతే చామనఛాయ, మాదైతే మాదిగ నలుపు. అందుకే స్టూడియోవాళ్లు మా మీద జాలిపడి కంప్యూటర్లో తెల్లగా తోముతారు. ఫ్లెక్సీల మీద అంబేద్కర్‌కి కూడా గులాబీరంగు పూస్తారు. వెలుతురు అడిగితే సున్నం కొడతారేంటి?

నేను బళ్లో పిల్లల్ని ఫోనుతోనే తీస్తా. మిట్టమధ్యాన్నం ఎండలో నిలబెట్టను. వరండా అంచున నీడలో, ముఖం ఆకాశం వైపు తిప్పి, వెనక ముదురురంగు తలుపు ఉండేట్టు చూస్తా. తెర మీద ముఖాన్ని వేలితో తాకి, కళ్లు కనపడిందాకా వెలుగు పెంచుతా, నలుపు పాలిపోతుంటే తగ్గిస్తా. పక్కన ఒక పిల్లోడు తెల్ల డ్రాయింగు షీటు పట్టుకుంటాడు. గ్రూపు ఫొటో అయితే అందరికంటే నల్లపిల్లని వెలుతురుకి దగ్గరగా కూర్చోబెడతా. ఖర్చు ఒక షీటు.

గ్రూపు ఫొటోలకి మా బళ్లోకొచ్చే కెమెరా అన్నలకి ఒకటే చెప్తున్నా. గోడని చూసి వెలుతురు కొలవొద్దు. మా పిల్లల ముఖాల్ని చూసి కొలవండి. వాళ్ల మనవలకి వాళ్ల కళ్లు కనపడాలి.