గోడకు అటువైపు ఎన్ని విజిళ్లు?

కాలిఫోర్నియాలో సొంతిల్లున్న మనవాళ్లు నలుగురు కలిస్తే ఈమధ్య ఒకటే మాట: "గరాజ్‌ని ఏడీయూ చేసెయ్, లోను సగం అదే కట్టుకుంటుంది." ఏడీయూ అంటే ఇంటి స్థలంలోనే వేరే గుమ్మం, వంటగది, బాత్రూమ్‌తో రెండో కాపురం. మన ఊళ్లలో పోర్షన్ అంటామే, దాదాపు అదే. ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. దాని వెంటే వచ్చే సలహాతోనే తగాదా: "వంట గట్టుకు క్వార్ట్జ్ రాయి వెయ్, ఫొటోలో మెరిస్తే చాలు. పర్మిట్ అంటావా, ఎవడు చూడొచ్చాడు?"

ఫ్రీమాంట్‌లో ఒక మిత్రుడి పోర్షన్ చూడబోయాను. గట్టు అద్దంలా ఉంది. మధ్యగోడ మీద వేలితో కొడితే డబ్బాలా మోగింది. రెండు నెలలకు అతనే చెప్పాడు: వాళ్లావిడ కుక్కర్ పెట్టి స్నానానికి వెళ్తే అటువైపు అద్దెకున్న అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చిందట, "ఆంటీ, నాలుగో విజిల్ అయింది" అని. నవ్వుకున్నాం. ఏడాది తిరక్కుండా ఆ అమ్మాయి ఖాళీ చేసింది. విజిల్ వినపడే గోడలోంచి మొగుడూపెళ్లాల మాటలు వినపడవా? గోడకు చెవులుంటాయన్న సామెత అక్కడ అక్షరాలా నిజం.

ఇంటిని ఆనుకుని ఉండే పోర్షన్‌కు గోడే ప్రాణం. చెక్క నిట్టాళ్ల మధ్య ఖాళీలో మినరల్ వూల్ కూరి, రెండువైపులా డ్రైవాల్ రెండేసి పొరలు బిగించి, స్విచ్ డబ్బాలు వీపులు ఆనకుండా ఎడంగా పెట్టి, సందులు పూడిస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఇదంతా గోడ విప్పి ఉన్నప్పుడే చెయ్యాలి. రంగు వేశాక గుర్తొస్తే మళ్లీ పగలగొట్టాల్సిందే.

పర్మిట్ కోసం చెప్పులరగాలన్నది పాత మాట. 2020లో అమల్లోకి వచ్చిన రాష్ట్ర చట్టాల పుణ్యాన, గరాజ్ పోయినందుకు బదులు పార్కింగ్ చూపనక్కర్లేదు. అన్ని కాగితాలూ ఉన్న దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలి. 750 చదరపు అడుగుల లోపైతే ఇంపాక్ట్ ఫీజు లేదు. మరోవైపు, నివాసానికి అనుమతి పత్రం లేని ఇంటికి అద్దె వసూలు చేసే హక్కు యజమానికి ఉండదని ఇక్కడి అప్పీలు కోర్టు 1978లోనే చెప్పింది. మిగిల్చామనుకున్న ఫీజు ఎక్కడ తేలుతుందో చూసుకోండి.

ఇన్‌స్పెక్టర్ వచ్చి పడగ్గది కిటికీకి టేపు పెడితే మనకు చిరాకు. తెరిచే భాగం అడుగు అంచు నేలకు 44 అంగుళాలు మించి ఎత్తుండకూడదు, తెరిస్తే మనిషి దూరేంత సందుండాలి. ఆ కొలత మనల్ని వేధించడానికి పెట్టింది కాదు. వంటగది వైపు నిప్పంటుకున్న రాత్రి, లోపల నిద్రపోయే పిల్లకు మిగిలే దారి అదొక్కటే.

"ఇవన్నీ చేస్తే ఖర్చు పెరగదా?" పెరుగుతుంది. గట్టు రాయి ఒక మెట్టు తగ్గించండి, చాలావరకు సర్దుకుంటుంది. పైన పటారం లోన లొటారం చూసి దిగినవాళ్లు ఎన్నాళ్లుంటారు? ఖాళీ పడ్డ ప్రతి నెలా ఆ అద్దె మన జేబులోంచే పోతుంది.

అద్దెకిచ్చే ముందు ఒక్క రాత్రి మీరే ఆ గదిలో పడుకోండి. ఇవతల కుక్కర్ పెట్టమనండి. విజిళ్లు లెక్కపెట్టగలిగారా, మీరింకా ఆ గోడకు బాకీ ఉన్నట్టే.