ముందు దుమ్ము, తర్వాతే సెట్టింగులు

మన ల్యాబుల్లో అందరికీ ఉన్న అలవాటు ఒకటుంది. ఆసిలోస్కోప్ మీద వేవ్ సరిగ్గా రాకపోతే మొదట చెయ్యి వెళ్ళేది ఆటోసెట్ బటన్ మీదకే. దానికీ రాకపోతే కనిపించిన నాబ్ అల్లా తిప్పుతాం. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ ఊడిపోయి ఉందేమో అని చూసేది అన్నిటికన్నా ఆఖర్న. తప్పు ఎక్కడుందో తెలియకముందే సర్దుబాటు మొదలుపెట్టేస్తాం. రోగం ఒకటైతే మందు ఇంకొకటి అన్నమాట.

ఈ వ్యాసంలో నా వాదన చాలా చిన్నది. ఏ యంత్రాన్నైనా సర్దే ముందు శుభ్రం చేయాలి. శుభ్రం చేసే ముందు నిదానంగా చూడాలి. సెట్టింగులు మార్చడం మూడో పని. ఇందులో కొత్తేముంది అంటారా? మాట పాతదే. కానీ ఈ వరుస తప్పితే ఏమవుతుందో చూపించడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ పాత రియర్ ప్రొజెక్షన్ టీవీ. మనలో చాలామంది దాన్ని చూసి కూడా ఉండరు కాబట్టి ముందు అదేమిటో చెప్తాను.

ఎల్‌సీడీలు, ప్లాస్మాలు చవక కాకముందు పెద్ద తెర కావాలంటే ఇదే దారి. అమెరికా ఇళ్ళల్లో బాగా నడిచింది. Y2K రోజుల్లో అక్కడికి వెళ్ళిన మన తెలుగువాళ్ళలోనూ కొందరు మొదటి జీతాలతో దీన్నే కొన్నారు. చూడటానికి బీరువా అంత ఉంటుంది. పాతరకం సెట్లలో అడుగున సుమారు 7 అంగుళాల పిక్చర్ ట్యూబులు మూడుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కోటీ ఒక్క రంగు బొమ్మనే గీస్తుంది. ఆ మూడు బొమ్మలూ లెన్సుల గుండా పైకి వెళ్ళి, వెనకున్న వాలు అద్దం మీద పడి, అక్కడి నుంచి తిరిగి తెర వెనకవైపు పడతాయి. మూడూ ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చుంటేనే తెల్లటి అక్షరం తెల్లగా కనిపిస్తుంది. ఏ ఒక్కటి పక్కకి జరిగినా అక్షరానికి రంగు నీడ వస్తుంది. ఆ మూడింటినీ కలపడాన్నే కన్వర్జెన్స్ అంటారు.

న్యూజెర్సీలో మా పెదనాన్న ఇంటి బేస్‌మెంట్‌లో అలాంటిది ఒకటుంది. 2001లో కొన్నారట. పోయిన వేసవి సెలవుల్లో నాన్నతో కలిసి నేనూ అక్కడికి వెళ్ళాను. అప్పటికి నానమ్మ అక్కడికొచ్చి మూడు నెలలైంది. పైన హాల్లో కొత్త టీవీ ఉన్నా అది పిల్లల గేములకే సరిపోతుంది. అందుకని ఆవిడ సీరియళ్ళకు కింద ఉన్న ఈ పాతది ఇచ్చారు.

చిక్కేమిటంటే, కొన్నాళ్ళకు నానమ్మ కిందికి వెళ్ళడం మానేసింది. అడిగితే "ఏముందిలేరా, అన్నీ ఒకటే కథలు" అంది. పెద్దమ్మ గట్టిగా అడిగాక అసలు సంగతి బయటపడింది. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయట, బొమ్మంతా మంచు పట్టినట్టు ఉందట. రెండేళ్ళ క్రితం ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మళ్ళీ చూపు పోతోందని భయపడింది. అక్కడ డాక్టరంటే ఖర్చని, కొడుకు మీద భారం వేయడమెందుకని లోపలే దాచుకుంది. ఇంట్లో అందరూ కూడా నానమ్మ కళ్ళ గురించే ఆలోచించారు. టీవీ సంగతి ఎవరికీ తట్టలేదు. మసకగా ఉందని పెదనాన్న ఎప్పుడో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ చివరి దాకా పెంచేసి ఉంచారు.

కానీ అదే నానమ్మ రోజూ పొద్దున్నే చిన్న అచ్చులో ఉన్న సుందరకాండ పారాయణ పుస్తకం తడుముకోకుండా చదువుతోంది. పుస్తకంలో అక్షరం ఒకటిగానే కనిపించి, టీవీలో రెండుగా కనిపిస్తే తప్పు ఎటువైపు ఉండే అవకాశం ఎక్కువ? ఫాల్ట్ ఐసొలేషన్ అని మనం పరీక్షలో పది మార్కులకు రాసేది ఇదే. మెనూలో కన్వర్జెన్స్ పరీక్ష గుర్తు తెర మీద పెట్టగానే విషయం తేలిపోయింది. తెల్లటి కూడిక గుర్తు ఒకటి కనిపించాల్సిన చోట ఎరుపు గీత ఎడమకి, నీలం గీత కుడికి జరిగి ఉన్నాయి. నానమ్మను పిలిచి చూపించాం. "ఇది మాకూ ఇలాగే కనిపిస్తోంది నానమ్మా" అన్నాను. కంటి డాక్టర్ చెకప్ ఎలాగూ ఉండాల్సిందే, అది వేరే సంగతి. కానీ ఆ రోజు ఆవిడ మొహంలో సగం భయం తగ్గడం చూశాను.

గీతలు కనిపించాయి కదా అని వెంటనే వాటిని సర్దడానికి కూర్చోలేదు. ముందు శుభ్రం. రాత్రే ప్లగ్ తీసేసి, మర్నాడు నేనూ పెదనాన్నా కలిసి ముందువైపు తెర చట్రం విప్పాం. లోపల చూస్తే సంగతి అర్థమైంది. లెన్సులు మూడూ ఆకాశంకేసి చూస్తున్నట్టు పైకి తిరిగి ఉంటాయి. దుమ్ము నేరుగా వాటి మీదే దిగుతుంది. దానికి తోడు హైవోల్టేజ్ వల్ల పుట్టే స్థిర విద్యుత్తు దుమ్మును ఇంకా లాగుతుంది. ఇన్నేళ్ళ దుమ్ము మూడు లెన్సుల మీదా మెత్తటి దుప్పటిలా పరుచుకుంది. మంచు పట్టినట్టుందని నానమ్మ అన్నది అక్షరాలా నిజం. దుమ్ము వెలుతురును చెదరగొడితే నలుపు బూడిద రంగవుతుంది, తెలుపు చుట్టూ వలయం వస్తుంది.

లెన్సులకు ముందు కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయర్, తర్వాత మెత్తటి కుంచె, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ వాడాం. ఇలాంటి సెట్లలో చాలావాటికి లెన్సు పైభాగం ప్లాస్టిక్కే. తెర కూడా ప్లాస్టిక్కే. అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రేలు వాటిని పాడుచేస్తాయి, టిష్యూ కాగితాలు గీతలు పెడతాయి. అద్దం ఇంకా సున్నితం. మన బీరువా అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది. దీనికి గాజు ముందే ఉంటుంది. రుద్దితే పూత లేచిపోతుంది. అందుకని అద్దానికి బ్లోయర్, కుంచె తప్ప ఇంకేమీ తగలనివ్వలేదు. మూలన రెండు మచ్చలు పోలేదు, వదిలేశాం. ఆ మచ్చలు బొమ్మకు చేసే నష్టం కన్నా మనం రుద్దితే జరిగే నష్టం ఎక్కువ.

ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియడం కూడా ఈ పనిలో భాగమే. ఈ ట్యూబులు దాదాపు 30 వేల వోల్టులతో నడుస్తాయి. ప్లగ్ తీసినా ట్యూబు కెపాసిటర్‌లా చార్జిని పట్టి ఉంచుతుంది. కాబట్టి ట్యూబుల వెనకవైపు, వాటికి వెళ్ళే లావు వైర్ల జోలికి పోలేదు. "ఈసీఈ చదువుతున్నావుగా, ఆ బోర్డు కూడా తుడవరా" అన్నారు పెదనాన్న. "ఈసీఈ చదువుతున్నాను కాబట్టే తుడవను పెదనాన్నా, మీరూ ముట్టుకోకండి" అన్నాను. టార్చి వేసి లెన్సుల లోపల చూశాం. ట్యూబుకూ లెన్సుకూ మధ్య చల్లబరచడానికి గ్లైకాల్ కలిసిన ద్రవం ఉంటుంది. మాది తేటగానే ఉంది. అది మురికైతే పైపైన తుడిచి లాభం లేదు, మార్చాలి. ఎథిలీన్ గ్లైకాల్ విషం, కాబట్టి ఆ పని తెలిసినవాళ్ళకే వదలాలి.

మళ్ళీ బిగించి ఆన్ చేస్తే కళ్ళు మిరుమిట్లు గొలిపాయి. కాంట్రాస్ట్ సగానికన్నా కిందికి దించాల్సి వచ్చింది. నా వాదనకు అసలు సాక్ష్యం ఇదే. దుమ్ము వల్ల వచ్చిన మసకను కాంట్రాస్ట్‌తో కప్పిపుచ్చితే ట్యూబులో బీమ్ కరెంట్ పెరుగుతుంది, ఫాస్ఫర్ తొందరగా అరిగిపోతుంది. కదలకుండా ఉండే బొమ్మలు అచ్చుపడిపోతాయి కూడా. ఈ టీవీ అడుగున న్యూస్ చానల్ స్క్రోలింగ్ పట్టీ నీడ ఇప్పటికే లీలగా ఉంది. అది ఇక పోదు. తుడవాల్సిన చోట సెట్టింగు పెంచినందుకు యంత్రం కట్టిన మూల్యం అది.

కన్వర్జెన్స్ ఆ తర్వాతే. సెట్ ఓ అరగంట వేడెక్కాక మొదలుపెట్టాం. చల్లగా ఉన్నప్పుడు కలిపిన గీతలు వేడెక్కాక మళ్ళీ జరుగుతాయి. ఏదైనా మార్చే ముందు తెర మీదున్న పాత స్థితిని ఫోన్‌లో ఫోటో తీశాం. ఆకుపచ్చ ఆధారం, దాన్ని కదపకూడదు. దాని మీదకు ఎరుపును, తర్వాత నీలాన్ని తేవాలి. మొదట మధ్యలో, తర్వాత అంచుల్లో.

ఇక్కడే అసలు ఇంజినీరింగ్ ఉంది. మూడు ట్యూబులు మూడు చోట్ల కూర్చుని ఒకే తెరను చూస్తాయి కాబట్టి బొమ్మలు అన్ని చోట్లా నూటికి నూరు పాళ్ళు కలవవు. ఒక గడి సరిచేస్తే పక్క గడి కొంచెం కదులుతుంది. అంటే తప్పును పూర్తిగా తీసేయలేం, ఎక్కడ ఉంచాలో మాత్రం ఎంచుకోగలం. నానమ్మకు కావలసింది మధ్యలో మొహాలు, అడుగున అక్షరాలు. ఆ రెండు చోట్లా బాగా కలిపి, పైన ఎడమ మూలలో కొంచెం తేడా మిగలనిచ్చాం. ఆవిడ కుర్చీలో కూర్చుని సీరియల్ మొదట్లో వచ్చే పేర్లు పైకి చదివింది. "ఇన్నాళ్ళూ నా కళ్ళను తిట్టుకున్నానురా" అంది. మూలలో మిగిలిన తేడా ఆవిడకు కనిపించనే లేదు. కన్వర్జెన్స్ ఐసీలు పోయి గీతలు విల్లులా వంగిపోయి ఉంటే మాత్రం మెనూతో ఏమీ కాదు. అప్పుడు ఆగిపోవడమే తెలివి.

ఇంతా చేసి పనికిరాని పాత డబ్బా కోసమేనా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇది కరెంటు ఎక్కువ తాగుతుంది, అమ్మితే ఏమీ రాదు. ఈ రకం టీవీలు చేస్తూ చివరిదాకా నిలిచిన మిత్సుబిషి కూడా 2012 చివర్లో ఆపేసింది. పాతది కాబట్టి గొప్పది అనే మోజు నాకు లేదు. అయితే పారేయడం కూడా అంత తేలిక కాదు. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. న్యూజెర్సీలో 2011 నుంచి టీవీలను మామూలు చెత్తలో వేయకూడదు. రెండు పూటల పనితో, దాదాపు ఖర్చు లేకుండా ఇంకొన్నాళ్ళు నడుస్తుందంటే ఆ పని దండగ కాదని నా అభిప్రాయం.

అంతకన్నా ముఖ్యమైనది ఈ వరుస మనకు రోజూ పనికిరావడం. ఫోన్ కెమెరా మసకగా ఉంటే ఫిల్టర్లు మారుస్తాం, లెన్సు మీద వేలి జిడ్డు తుడవం. ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తే విండోస్ మళ్ళీ ఎక్కిస్తాం, ఫ్యాన్‌లో దుమ్ము చూడం. లైన్ ఫాలోయర్ రోబో తడబడితే తెల్లవార్లూ పీఐడీ విలువలు మారుస్తూ కూర్చుంటాం, ఐఆర్ సెన్సర్ మీద పేరుకున్న మట్టి ఎవరికీ కనపడదు. పైగా మురికి సెన్సర్‌కు తగ్గట్టు కుదిర్చిన విలువలు సెన్సర్ తుడిచిన రోజున పనికిరావు.

కాబట్టి మిత్రులారా, ఈసారి మీ గదిలో ఏదైనా మొరాయిస్తే మెనూ తెరవకముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. తప్పు నిజంగా దీనిలోనే ఉందా? దీన్ని ఆఖరిసారి ఎప్పుడు తుడిచాం? ఇందులో నేను ముట్టుకోకూడనిది ఏది? మూడింటికీ జవాబు దొరికాక కూడా బాగుపడకపోతే అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళండి. వెళ్ళే ముందు పాత విలువలు ఫోటో తీసుకోవడం మాత్రం మరిచిపోకండి.