మన నమూనా రైలునకు ఏ యింజను మూలము కావలెను?

నమూనా రైలుబండిని నిర్మింపదలచిన విద్యార్థికి మొదట ఎదురగు ప్రశ్న అట్టయు జిగురును ఎచ్చట దొరకుననునది కాదు. లోకమున నడచిన అనేకములగు ఆవిరి యింజనులలో దేనిని మూలరూపముగా గ్రహింపవలెననునదియే. పెక్కండ్రు దీనిని గూర్చి యోచింపక, పుస్తకమున బొమ్మ అందముగా నున్నదానినో, కీర్తికెక్కినదానినో ఎన్నుకొందురు. 1934లో గంటకు 100 మైళ్ల వేగము నందుకొన్న ఆంగ్లదేశపు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అట్టిది. అది గొప్ప యింజను గాదని నేను చెప్పను. కాని గోదావరి తీరమున పెరుగుచున్న మనకు అది తగిన మూలరూపము కాదని నా యభిప్రాయము.

బొమ్మకును నమూనాకును భేదము గలదు. బొమ్మ కన్నులకు ఇంపుగా నున్న చాలును. నమూనా సత్యమునకు సాక్ష్యము పలుకవలెను. మోషే ప్రత్యక్షపు గుడారమును కొండమీద చూపబడిన మాదిరి ప్రకారము కట్టించెనని మనము పాఠములలో చదివియున్నాము. అందు పలక పొడవు 10 మూరలు, వెడల్పు మూరెడున్నర అని లెక్క కూడ గలదు. కావున మూలరూపమునకు మూడు లక్షణములు ఉండవలెను. దాని కొలతలు మనకు లభింపవలెను. అది మన సీమలో పనిచేసినదై యుండవలెను. మనము తప్పు చేసినచో దిద్దగలవారు మన సమీపమున నుండవలెను.

ఈ మూడును గల యింజను డబ్ల్యు.జి. తరగతి గూడ్సు ఇంజను. ముందు రెండు చిన్న చక్రములు, నడుమ ఎనిమిది పెద్ద చక్రములు, వెనుక మఱి రెండు చిన్న చక్రములు దాని యమరిక. చిత్తరంజన్ కర్మాగారమున 1950లో తయారై, దేశబంధు అను పేరు వహించిన మొదటి యింజను ఈ తరగతిదే. అచ్చటనే 1970లో తయారైన కడపటి బ్రాడ్‌గేజి ఆవిరి యింజను, అంతిమ్ సితారా యనునదియు ఈ తరగతిదే. స్వతంత్ర భారతము తన చేతులతో ఇంజను చేయ నేర్చిన కథ యంతయు ఈ రెంటి నడుమ నున్నది.

కొందఱు మిత్రులు, మెయిలుబండ్లను లాగిన డబ్ల్యు.పి. ఇంజను ఇంతకంటె సుందరము గదా యందురు. నిజమే. గుండ్రని ముక్కును, దానిపై నక్షత్రమును చూచి మురియనివారు లేరు. కాని నమూనా చేయువానికి ఆ ముక్కు ఒక తెర వంటిది. డబ్ల్యు.జి.కి అట్టి తెర లేదు. సిలిండర్లును, వాని నుండి చక్రములకు పోవు కడ్డీలును వెలుపలనే కానవచ్చును. ఆవిరి చక్రమును త్రిప్పు విధము కంటికి బోధపడును. పైగా ఈ రెండు తరగతులకును బాయిలరు ఒక్క విధమైనదే. గూడ్సు ఇంజనును నేర్చినవానికి మెయిలు ఇంజను సగము వచ్చినట్లే. మఱియు డెల్టా బియ్యపు బస్తాలను పరసీమలకు చేర్చినవి గూడ్సుబండ్లే గాని మెయిలుబండ్లు కావు. సేవ చేసినదానిని మఱచి, సొగసైనదానినే జ్ఞాపకముంచుకొనుట న్యాయమా?

ఇక కొలతల మాట. అంగళ్లలో సాధారణముగా దొరకు నమూనా పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది విదేశముల 1435 మిల్లీమీటర్ల దారిని 87వ వంతునకు తగ్గించినది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు, అనగా 1676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించిన 19.3 వచ్చును, ఇంజను ఆ పట్టాలపై నిలువదు. చక్రములను లోనికి నెట్టి నిలిపినచో నమూనా అబద్ధమగును. కాని నూఱవ వంతునకు తగ్గించిన 16.8 మిల్లీమీటర్లు వచ్చును. అంగడి పట్టాలకు ఇది మిక్కిలి చేరువ. లెక్కయు సులభము: అసలు ఇంజనులో ఒక మీటరు నమూనాలో ఒక సెంటీమీటరు. 5 అడుగుల ఒకటిన్నర అంగుళముల పెద్ద చక్రము 15.6 మిల్లీమీటర్లగును. దేహమునకు కొండపల్లివారు వాడు తేలికైన పొణికి కఱ్ఱయే చాలును.

ఇంజను నిలుచుటకు తావు కూడ మనయొద్దనే యున్నది. 1900లో రాజమహేంద్రవరమున తెఱవబడిన హేవలాక్ వంతెనకు 150 అడుగుల ఖానాలు 56 గలవు. 1974లో రోడ్డుతో కూడిన రెండవ వంతెన ఏర్పడువఱకు అచ్చట రైలు గోదావరిని దాటుటకు అదియే మార్గము. 1997 నుండి దానిపై బండ్లు నడచుట లేదు. నూఱవ వంతున ఒక ఖానా 46 సెంటీమీటర్లకు లోబడియుండును. మూడు ఖానాలు మన తరగతి బల్లపై అమరును.

ఈ పనికి తొందర యేల యని అడుగుదురేమో. 1995లో మన దేశమున బ్రాడ్‌గేజి దారులపై ఆవిరి యింజనుల నిత్యసేవ ముగిసెను. ఆ యింజనులలో బొగ్గు వేసిన చేతులు నేడు ముసలివగుచున్నవి. ఛాయాచిత్రము ఇంజనునకు ఒక ప్రక్కనే చూపును. రెండవ ప్రక్కనున్న గొట్టము ఎచ్చటినుండి యెచ్చటికి పోయెనో, ఏ పిడిని ఎప్పుడు త్రిప్పిరో పటములకంటె పూర్వపు ఫైర్‌మను చక్కగా చెప్పగలడు. అట్టివారు మన వీధులలోనే, కొందఱు మన యిండ్లలోనే తాతలై యున్నారు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను చేసినచో వారిని అడుగవలసిన పని లేదు. డబ్ల్యు.జి.ని చేసినచో అడుగక తీరదు. నా యెన్నికకు ముఖ్యకారణము ఇదియే.

కావున సోదర విద్యార్థులారా, రాబోవు ప్రదర్శనమునకు ఒక డబ్ల్యు.జి. ఇంజనును, మూడు ఖానాల వంతెనను చేయుదము. తరువాతి తరగతులవారు ఏటేట రెండేసి ఖానాలు చేర్చినచో, ఇరువదియేడు సంవత్సరములకు వంతెన పూర్తియగును. అప్పటికి కడపటి ఖానాను బిగించు బాలుడు మనలో నొకరి కుమారుడే కావచ్చును. వానికి ఆ యింజనును గూర్చి చెప్పుటకు మనకు మాట లుండవలెనన్న, నేడే వెళ్లి తాతల నడుగుదము.