స్టీరింగుదేనా తప్పు?

మొన్న మా మేనల్లుడు బెంగుళూరు నుంచి తన స్పోర్ట్సు కారులో చిలమత్తూరు వచ్చాడు. దిగీ దిగడంతోనే, "మామయ్యా, దీని స్టీరింగు పాడైంది. వేగం పెంచితే అటూ ఇటూ తడబడుతోంది. మార్చాలంటే లక్ష పైమాటేనట!" అన్నాడు. వెనకసీట్లో పిల్లలు! నా గుండె గుభేలుమంది.

పంక్చర్లు వేసే ముసలాయన్ని పిలిచాను. ఆయన స్టీరింగు ముట్టుకోనైనా లేదు. ముందు టైరు మీద అడ్డంగా అరచేయి నడిపాడు. ఒకవైపుకు నున్నగా జారింది. తిరుగువైపుకు రంపంలా గీరుకుంది.

"టో పోయింది సామీ. యాడన్నా గుంతలో గట్టిగా పడిందా?"

మావాడు నాలుక కరుచుకున్నాడు.

టో అంటే మరేం లేదండీ, పైనుంచి చూస్తే ముందు చక్రాల ముక్కులు ఎంత లోపలికో, ఎంత బయటికో తిరిగివున్నాయన్నదే. అది తప్పితే చక్రాలు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుంటాయి, రబ్బరు అరుగుతుంది. చక్రం నిలువునా ఒరగడం క్యాంబరు. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటది మధ్యకు రావడం చాలావరకు క్యాస్టరు చలవ. మామూలు కారు చిన్న తేడాలను దిగమింగుతుంది గాని, వెడల్పాటి పొట్టిగోడల టైర్లున్న వేగపు కారు మన్నించదు.

బండి ఒకే పక్కకు లాగుతుంటే మాత్రం ముందు గాలి చూడండి. తరవాత ముందు టైర్లు రెంటినీ అటుదిటు మార్చండి (బాణం గుర్తున్నవాటిని కాదు సుమా). లాగుడూ పక్క మారిందా, దోషం టైరుదే.

మావాడు మెల్లిగా హిందూపురం పోయి చక్రాలు సరిచేయించుకొచ్చాడు. అరిగిన టైర్లు రెండూ కొనక తప్పలేదు. ముసలాయన టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.