పిల్లల పైసలు నెలనెలా రావాలె: ఘనపూర్ ప్రణాళిక

స్టేషన్ ఘనపూర్‌ల, భూపాలపల్లి దిక్కున్న ఘనపూర్‌ల, చుట్టుపక్కల ఊళ్లల్ల పిల్లలను ఒంటరిగా సాకుతున్న తల్లులం, మాతోని నిలబడ్డ అన్నదమ్ములం, వకీళ్లం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నం. విడాకులైనంక పిల్లకు తండ్రి ఇయ్యాల్సిన మనోవర్తిని సరిగ్గ లెక్కగట్టించాలె, అది నెలనెలా చేతికొచ్చేదాక వదలొద్దు. మా పని ఇదే.

ముందుగాల పంచాయితీ సంగతి. పెద్దమనుషులు కూసుంటరు. కట్నం, బంగారం లెక్క తేలుస్తరు. ఇంత అని ఒక మొత్తం ఖాయం చేసి, ఇగ ఎసొంటి హక్కు లేదని బాండ్ పేపర్ మీద రాయించి తల్లితోని సంతకం పెట్టిస్తరు. పిల్ల బడి ఫీజు, దావఖాన ఖర్చు ఆ కాయితంల ఎక్కడా ఉండయి. పిల్ల హక్కును తల్లి వదులుకుంటే అది చెల్లదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పినయి. పిల్లల పోషణ మాఫీ చేసే ఏ కాయితం మీదా మేం సాక్షి సంతకం పెట్టం. ఇదివరకే సంతకం పెట్టిన అక్కలు భయపడొద్దు, పిల్ల తరఫున ఇప్పుడైనా కేసు వేయొచ్చు.

మనోవర్తి కోసం మనం 125 అని పిలిచే సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితల 144 అయింది. ఏ మతం పిల్లలకైనా వర్తిస్తది. 2001 దాక నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలు లేకుండె, ఆ హద్దు పోయింది. నోటీసు అందిన 60 రోజులల్ల మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టమే అంటది. మన దగ్గర వాయిదాల మీద వాయిదాలు పడుతుంటయి, వాయిదాకొక రోజు కూలి పోతది.

"నాకు ఆదాయమే లేదు" అనే మాటకు జవాబు ఉన్నది. 2020 నవంబర్ 4న రజ్నేష్ వర్సెస్ నేహా కేసుల సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలన్నది. వ్యవసాయం చేసేటోళ్లకు వేరే నమూనా ఇచ్చింది. భూమి ఎంత, తరి ఎంత, కుష్కి ఎంత, ఏం పంట, కౌలుకిచ్చిండా, మూడేండ్ల ఆదాయమెంత, బర్లు, మేకలు ఎన్ని, అన్నీ రాయాలె. నాలుగెకరాల పత్తి చేను పెట్టుకొని కూలోన్నని చెప్పేటాయన ఇక్కడనే దొరుకుతడు. మేం ఆ అఫిడవిట్‌ను గడి గడి చదువుతం, పాసుపుస్తకం పక్కన పెట్టి చూస్తం. మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇయ్యాలని కూడా ఆ తీర్పే చెప్పింది.

అసలు గోస ఆర్డర్ వచ్చినంక మొదలైతది. రెండు నెలలు వేస్తరు, బంద్ చేస్తరు. బాకీ పడ్డ ఏడాదిలోపల దరఖాస్తు పెట్టకపోతే ఆ నెలకు వారెంట్ రాదు. ఇది తెలువక ఎంతమంది తల్లులు నష్టపోయిండ్రో! జైలుకు పోయొస్తే బాకీ తీరిందనుకునుడు కూడా తప్పే. జైలుకు పోతే బాకీ తీరదని సుప్రీంకోర్టు 1988లనే తేల్చింది.

అమెరికాల అయితే పిల్ల పైసలు జీతం చేతికి రాకముందే కోస్తరు, బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇయ్యరు. మన సివిల్ చట్టంల కూడా మనోవర్తి డిక్రీకి జీతంల మూడో వంతు వదిలి మిగిలింది జప్తు చేయొచ్చు. సింగరేణిల, థర్మల్ కేంద్రంల, సర్కారు కొలువుల ఉన్న తండ్రుల జీతంల కెళ్లి పిల్ల ఖాతాకు నేరుగ కోత పడాలన్నది మా డిమాండ్. ప్రతి మనోవర్తి ఆర్డర్లనే ఆ మాట రాయాలె, తల్లి మళ్లమళ్ల కేసు వేసుడు పోవాలె.

తండ్రులతోని మాకు పగ లేదు. పని పోయిన తండ్రి మొత్తం తగ్గించమని అదే సంహితల సెక్షన్ 146 కింద అడుగొచ్చు, దాపరికం లేకుంటే మేమే కాయితం రాసిస్తం. పిల్లను చూపిస్తలేరని పైసలు ఆపుడు మాత్రం ఒప్పుకోం. చూసే హక్కు కోసం వేరే దరఖాస్తు ఉంటది, పిల్ల ఆకలికి దానితోని సంబంధం లేదు.

1987 న్యాయ సేవల చట్టం కింద ఆడోళ్లకు, పిల్లలకు ఆదాయంతోని పని లేకుండ ఉచితంగ వకీలును పెడతరు. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆర్డర్ కాపీ, పిల్ల ఆధార్, బడి ఫీజు రసీదులు, మందుల చీటీలు, పైసలొచ్చిన నెలలు కనబడే బ్యాంకు పాస్‌బుక్ పట్టుకొని రాండ్రి. ఆగిపోయిన మొదటి నెల ఏదో ముందుగాల చూసుకోండ్రి, ఏడాది గడువు అక్కడి నుంచే లెక్క.