ఆంప్లిఫయరుకు జోడు చూస్తారు, చెవికి చూడరు

కార్లలో సబ్‌వూఫర్లు బిగించుకునే మా కోస్గి యువకులకు చెవుల సంగతి చెప్పబోతే వచ్చే జవాబు ఒకటే: "మ్యాచింగ్ మంచిగుంటే సౌండ్ సాఫ్‌గ వస్తది సార్, చెవులకేం కాదు."

ఇందులో మొదటి సగం నిజం. సబ్‌వూఫర్ ఎడతెగక భరించగల శక్తిని ఆర్.ఎం.ఎస్. వాట్లలో చెబుతారు; పెట్టెపై పెద్ద అక్షరాలతో అచ్చువేసే 'పీక్' అంకె అమ్మకానికి పనికివచ్చేదే. ఆంప్లిఫయరు ఆర్.ఎం.ఎస్. శక్తి దానికి దగ్గరగా ఉండాలి. ఓమ్‌లు కూడా కుదరాలి. 4 ఓమ్‌ల సబ్‌వూఫర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే ఆంప్లిఫయరుకు అవి 2 ఓమ్‌లుగా కనబడతాయి. దానిని తట్టుకోలేనిదైతే వేడెక్కి ఆగిపోతుంది. చాలని ఆంప్లిఫయరును మితిమీరి పెంచితే తరంగాల కొనలు తెగి శబ్దం బొంగురుపోతుంది, స్పీకరు కాయిల్ మాడవచ్చు.

అయితే ఇదంతా పెట్టెను కాపాడే శాస్త్రం. నా దృష్టిలో జోడు చక్కగా కుదిరిన సెట్టే చెవికి ఎక్కువ ప్రమాదకరం. బొంగురు శబ్దాన్ని భరించలేక మనిషి తానే తగ్గిస్తాడు. శుభ్రమైన శబ్దం ఆ హెచ్చరిక ఇవ్వదు. అద్దాలు బిగించిన ఇరుకు కారులో బేస్ మరింత పెరుగుతుంది, దానికి దీటుగా తలుపుల స్పీకర్లనూ పెంచుతారు.

లెక్క చూడండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలే ఉండదగును. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు గడువు సగమవుతుంది. స్పీకరుకు పంపే శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది సరిగ్గా ఆ 3 డెసిబెల్సే. అనగా 88 డెసిబెల్స్ వద్ద 4 గంటలున్న గడువు, శక్తిని ఎనిమిది రెట్లు చేస్తే 97 వద్ద అరగంటకు దిగుతుంది. 100 వద్ద పావుగంటే. కోస్గి నుండి మహబూబ్‌నగర్ చేరకముందే అది తీరిపోతుంది!

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే కేశకణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. చచ్చినవి తిరిగి పుట్టవు. కోళ్లలో పుడతాయి, ఆ వరం మనిషికి లేదు. కాయిల్ మాడితే కొత్తది వేయిస్తారు, మరి వీటికి ఏ దుకాణానికి పోతారు?

2004లో 'థొరాక్స్' వైద్యపత్రిక పెద్ద సంగీతధ్వని వలన ఊపిరితిత్తి కుంచించుకుపోయిన కొందరి వివరాలు ప్రచురించింది. వారిలో ఒకడు కారులో 1000 వాట్ల బేస్ పెట్టె పెట్టుకున్నవాడు. ఇది బహు అరుదు, దానితో ఎవరినీ బెదిరించను. చెవుడు మాత్రం అరుదు కాదు.

ఇక ఇరుగుపొరుగు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆ కొలత 50 హెర్ట్జ్ బేస్‌ను సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. గోడలు దాటి పోయేది ఆ బేసే. ఫోనులో మీటరు చూపి "తక్కువే ఉన్నది" అనే వాదన అందుకే చెల్లదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు, సంతోషం. ఊరేగింపు ఏడాదికి కొన్నాళ్లే, కారు రోజూ తిరుగుతుంది.

సెట్టు బిగించే మేస్త్రీలు గెయిన్ సరిచేసిన పిమ్మట డ్రైవరు చెవి దగ్గర ఎంత శబ్దమున్నదో కొలిచి, ఎన్ని నిమిషాలు వినవచ్చునో బిల్లు మీద రాసి ఇవ్వాలి. ఓమ్‌లు లెక్కించగలవారికి ఇది కష్టం కాదు.